పాత విండోస్‌కు వెనక్కి వెళ్లేముందు: సెకండ్ హ్యాండ్ కంప్యూటర్, డీటీపీ పని

(డీటీపీ, అంటే కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని చేసే ఆపరేటర్లు, చిన్న ప్రెస్సుల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, తోటి వృత్తివారికి నమస్కారం. విండోస్ 11 వేసి అమ్మిన సెకండ్ హ్యాండ్ కంప్యూటరును కొనుక్కొచ్చి, అందులో ఉన్నదంతా తీసేసి విండోస్ 7నో ఎక్స్‌పీనో వేసుకోవచ్చా, వేసుకుంటే పని సాఫీగా సాగుతుందా అన్న ప్రశ్న మన వృత్తిలో ఉన్నవాళ్లు తరచూ అడుగుతుంటారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. వేసుకోవచ్చు. అయితే అది ఒక్క యంత్రానికే పరిమితం కావాలి, ఆ యంత్రం ఇంటర్నెట్‌కు దూరంగా ఉండాలి, ఆ యంత్రం మీద చేసే పనిని కొత్త పద్ధతిలోకి మార్చుకునేదాకా మాత్రమే అది నడవాలి. ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా, ఇవాళ మిగిలిందనుకున్న డబ్బు రేపు అంతకు రెట్టింపు ఖర్చు తెస్తుంది.

మనం ఎందుకు వెనక్కి వెళ్లాలనుకుంటున్నామో ముందు స్పష్టంగా తెలుసుకోవాలి. తెలుగునాట పెళ్లి శుభలేఖల నుంచి సాహిత్య పత్రికల దాకా ఒక తరం పాటు అచ్చయినవాటిలో చాలా భాగం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో తయారైంది. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో ఆ సంస్థతో పాటు అడోబ్ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన 7.0 వెర్షనే చివరిది, దానికి చిన్న సవరణలు తప్ప ఆ తరువాత కొత్త వెర్షన్ రాలేదు. అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ కాలం దగ్గరే ఆగిపోయింది. కొత్త విండోస్ మీద కొన్ని యంత్రాల్లో అది తెరుచుకుంటుంది, కొన్నింటిలో తెరుచుకున్నా సరిగ్గా ప్రింటు ఇచ్చే సమయానికి మొరాయిస్తుంది. అను ఫాంటులోని తెలుగు అక్షరాల ముక్కలు, అంటే తలకట్లు, కొమ్ములు, వత్తులు, నిజానికి ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో కూర్చుని ఉంటాయి. మనం నొక్కిన మీటను మధ్యలో అందుకుని సరైన ముక్కను పంపించే పని స్క్రిప్ట్ మేనేజర్‌ది. కీబోర్డుకూ ప్రోగ్రాముకూ నడుమ నిలబడే ఇలాంటి సాఫ్ట్‌వేర్ విండోస్ మారినప్పుడల్లా ఇబ్బంది పడటం సహజం. ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌కు ఇరవై ఏళ్లుగా అలవాటుపడిన వేళ్లకు ఆ ఇబ్బంది ఎంత పెద్దదో బయటివాళ్లకు తెలియదు. కాబట్టి పాత వ్యవస్థ కావాలనుకోవడాన్ని నేను వెనకబాటుతనంగా చూడను. అది పని పట్ల ఉన్న శ్రద్ధ.

అయితే కొత్త విండోస్ నెమ్మదిగా ఉందన్న ఒకే కారణంతో వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఆ ఆలోచన మానుకోవడం మంచిది. నాలుగు జీబీ ర్యామ్‌తో, తిరిగే హార్డ్ డిస్కుతో ఉన్న యంత్రం ఏ వ్యవస్థ వేసినా నెమ్మదిగానే ఉంటుంది. దానికి ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు), ఇంకొంచెం ర్యామ్ వేయించండి, తేడా ఆ రోజే కనిపిస్తుంది. విండోస్ 11 నుంచి 10కి దిగడం వల్ల కూడా ఇప్పుడు పెద్దగా ఒరిగేది లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విడిగా నమోదు చేసుకున్న వ్యక్తిగత వాడకందార్లకు భద్రతా సవరణలు 2026 అక్టోబర్ దాకా మాత్రమే అందుతాయి. ఇక 10 నుంచి 11కి ఈమధ్యే అప్‌గ్రేడ్ అయిన యంత్రమైతే, మొదటి పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీ నుంచే వెనక్కి వెళ్లే వీలుంది. ఆ గడువు దాటితే పాత ఫైళ్లు దాచిన ఫోల్డరును విండోస్ తనంతట తానే తొలగిస్తుంది.

పాత వ్యవస్థ నిజంగా అవసరమైనవాళ్లు కూడా యంత్రాన్ని విప్పకముందు ఒక ప్రయత్నం చేయాలి. కొత్త కంప్యూటరులోనే వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, అందులో పాత విండోస్‌ను ఒక కిటికీలో నడపడం ఆ ప్రయత్నం. ఎక్స్‌పీకి ఒక జీబీ ర్యామ్ కేటాయిస్తే పేజ్‌మేకర్ హాయిగా నడుస్తుంది. ఇందులో గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఆ పాత వ్యవస్థ అంతా ఒకటి రెండు పెద్ద ఫైళ్లుగా ఉంటుంది. దాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసి పెట్టుకుంటే, అసలు యంత్రం పాడైనా ఇంకో యంత్రంలో అదే స్థితి నుంచి పని మొదలుపెట్టవచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ఎదుట ఉన్న టిక్కు తీసేస్తే దానికి బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. డాంగిల్‌తో, అంటే యూఎస్‌బీ పోర్టుకు తగిలిస్తేనే ప్రోగ్రామును తెరవనిచ్చే తాళంచెవి లాంటి పరికరంతో, నడిచే సాఫ్ట్‌వేర్ అయితే ఆ డాంగిల్‌ను లోపలి యంత్రానికి అప్పగించే ఏర్పాటు కూడా ఉంది.

ఈ పద్ధతి కుదరని సందర్భాలు లేకపోలేదు. వెడల్పాటి పారలల్ పోర్టుకు తగిలించే పాత డాంగిళ్లు, ప్రత్యేకమైన కార్డు మీద ఆధారపడే స్కానర్లు, 32 బిట్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాము) మాత్రమే ఉన్న ఔట్‌పుట్ యంత్రాలు ఇలా కిటికీలో నడిచే వర్చువల్ యంత్రంలో సరిగా పలకవు. 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్లను అసలు తీసుకోదు, విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. అలాంటివాళ్లకే నిజమైన యంత్రం మీద నిజమైన పాత విండోస్ కావాలి. డాస్ కాలపు బిల్లింగ్ ప్రోగ్రామో, 16 బిట్ ఇన్‌స్టాలరో నడవడమే సమస్య అయితే దానికోసం ఎక్స్‌పీ దాకా వెళ్లనక్కర్లేదు. విండోస్ 7లోనూ 10లోనూ 32 బిట్ రకం ఉంది, అది ఆ ప్రోగ్రాములను చాలావరకు నడుపుతుంది.

ఇప్పుడు యంత్రం ఎంపిక. ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీలు లీజు గడువు తీరాక వదిలేసిన డెల్ ల్యాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు మార్కెట్లో విరివిగా దొరుకుతున్నాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళితే సహజంగానే మన చూపు ఉన్నవాటిలో కొత్తదాని మీద పడుతుంది. పాత విండోస్ వేయదలచుకున్నవాళ్లు దీనికి సరిగ్గా విరుద్ధంగా వెతకాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరులో ఐ5 తరువాత వచ్చే నాలుగు అంకెల్లో మొదటిది తరాన్ని చెబుతుంది: ఐ5-3470 మూడో తరం, ఐ5-4590 నాలుగో తరం, ఐ5-6500 ఆరో తరం. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు ఇంటెల్ ఎక్స్‌పీ డ్రైవర్ ఇచ్చింది మూడో తరం దాకానే. నాలుగో తరం యంత్రంలో ఎక్స్‌పీ వేస్తే తెర మీద బొమ్మ వస్తుంది కానీ, సరైన రిజల్యూషన్ లేక అక్షరాలు సాగినట్టు కనిపిస్తాయి. అక్షరాల కూర్పు చూసి పని చేయాల్సిన మనకు ఆ తెర పనికిరాదు. విండోస్ 7కు మూడు, నాలుగు తరాలు నిశ్చింతగా సరిపోతాయి. ఆరో తరంలో కష్టపడితే కుదురుతుంది. ఏడో తరం నుంచి మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు మద్దతే ఇవ్వలేదు, 2017 ఏప్రిల్ నుంచి అలాంటి యంత్రాల్లో విండోస్ 7కు అప్‌డేట్లను కూడా ఆపేసింది.

ఆరో తరంతో వచ్చే కష్టం ఎలాంటిదో చూడండి. పెన్ డ్రైవ్ నుంచి విండోస్ 7 ఇన్‌స్టాలర్ మొదలవుతుంది, భాష ఎంచుకునే తెర వస్తుంది, అక్కడి నుంచి మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. కొన్నిసార్లు ఇంకో అడుగు ముందుకు వెళ్లి, అవసరమైన సీడీ లేదా డీవీడీ డ్రైవర్ లేదని చెబుతుంది. ఆ యంత్రంలో సీడీ డ్రైవే ఉండదు! ఆ సందేశం చూసి డిస్కు పోయిందనీ, పెన్ డ్రైవ్ పాడైందనీ అనుకుని కొత్తవి కొన్నవాళ్లు ఉన్నారు. అసలు కారణం వేరే. ఆరో తరం చిప్‌సెట్లలో ఇంటెల్ పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను తీసేసింది, పోర్టులన్నీ 3.0 కంట్రోలర్ కిందికే వచ్చాయి. 2009లో తయారైన విండోస్ 7 ఇన్‌స్టాలర్‌కు ఆ కంట్రోలర్ ఏమిటో తెలియదు. తన పెన్ డ్రైవ్‌నే తాను చదవలేని స్థితి అది. 3.0 డ్రైవర్‌ను ముందుగానే ఇన్‌స్టాలర్‌లోకి ఎక్కించుకోవడమే దీనికి మందు. డెస్క్‌టాప్‌లో పీఎస్/2 పోర్టు (కీబోర్డు తగిలించే పాత గుండ్రటి పోర్టు) ఉంటే కనీసం కీబోర్డు ఇబ్బంది తీరుతుంది. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ అయితే దానికీ ఇలాగే విడిగా డ్రైవర్ చేర్చాలి. అందువల్ల సాటా రకం ఎస్ఎస్‌డీ వాడుకోవడం తేలిక.

ఎక్స్‌పీకి తన కష్టాలు తనకున్నాయి. ఇన్‌స్టాలర్ ఫైళ్లన్నీ ఎక్కించుకున్నట్టే కనిపించి చివర నీలి తెర చూపిస్తుంది, ఆ తెర మీద సున్నాల వరుస చివర 7బి అన్న సంకేతం ఉంటుంది. ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిచే డిస్కును ఎక్స్‌పీ గుర్తుపట్టలేకపోవడమే అందుకు కారణం. యంత్రం ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈ లేదా కంపాటిబిలిటీ అని మార్చితే ఆ తెర మళ్లీ రాదు. జీపీటీ పద్ధతిలో విభజించిన డిస్కును 32 బిట్ ఎక్స్‌పీ చదవలేదు, ఎంబీఆర్ పద్ధతిలోకి మార్చాలి. విభజన పనిని ఎక్స్‌పీ ఇన్‌స్టాలర్‌కు వదలకుండా, విండోస్ 7 లేదా ఆ తరువాతి ఇన్‌స్టాలర్‌తో ముందే చేసి పెట్టుకోండి. ఎక్స్‌పీ పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది, అది ఎస్ఎస్‌డీ లోపలి అమరికతో పొసగక డిస్కు వేగమూ ఆయువూ తగ్గుతాయి. విండోస్ 8 తోనో ఆ తరువాతి వ్యవస్థతోనో వచ్చిన యంత్రమైతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ బూట్‌కు వీలు కల్పించాలి. ఆ వీలు లేని యంత్రాన్ని ఈ పనికి కొనవద్దు.

యంత్రంలో ఇప్పటికే ఉన్న డిస్కును ఫార్మాట్ కొట్టవద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను. దాన్ని విప్పి, మీద తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టండి. పాత వ్యవస్థను వేరే చిన్న ఎస్ఎస్‌డీలో వేసుకోండి. 120 జీబీది చాలు. పని కుదరకపోతే అసలు డిస్కు మళ్లీ బిగిస్తే యంత్రం కొన్ననాటి స్థితికి వచ్చేస్తుంది. విప్పేముందు ఆ డిస్కు బిట్‌లాకర్ తాళం కింద ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే బయోస్‌లో మార్పులు చేశాక అది కీ అడుగుతుంది, కీ లేకపోతే అందులోని సమాచారం దక్కదు. ఇంకొక మాట. మొదటిసారి ఆన్ చేయగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగే యంత్రాన్ని తీసుకోకండి. ఆ కంపెనీ తన జాబితా నుంచి దాన్ని ఇంకా విడుదల చేయలేదని అర్థం. పాత విండోస్ వేస్తే ఆ లాగిన్ కనిపించకపోవచ్చు, కానీ ఆ యంత్రం మీద ఎవరికి హక్కుందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. వయసు మీరిన యంత్రాల్లో సీఆర్2032 బటన్ బ్యాటరీ కూడా మార్చించండి. అది అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, పాత వ్యవస్థలో తేదీ తప్పితే ఫైళ్ల క్రమమంతా గందరగోళమవుతుంది.

లైసెన్సు సంగతి మన సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడాలనుకుంటున్నాను. యంత్రంతో పాటు వచ్చిన ప్రొఫెషనల్ రకం విండోస్‌కు పాత వెర్షన్ వాడుకునే హక్కును మైక్రోసాఫ్ట్ కల్పించింది. విండోస్ 10 ప్రో మీద 8.1 ప్రో, 7 ప్రొఫెషనల్ వాడుకునే హక్కు ఆ పాత వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు ఉన్నంతకాలమే ఉండేది, ఆ మద్దతు ఇప్పుడు ముగిసిపోయింది. విండోస్ 7 ప్రొఫెషనల్ మీద ఎక్స్‌పీ ప్రొఫెషనల్ వాడుకోవచ్చు. హోమ్ రకానికి ఈ హక్కు లేదు. విండోస్ 10 నుంచి నేరుగా ఎక్స్‌పీకి వెళ్లే హక్కు ఏ రకానికీ లేదు. అందుకే మూడో తరం, నాలుగో తరం డెస్క్‌టాప్ కొనేటప్పుడు డబ్బా పక్కన 25 అక్షరాల కీ ఉన్న విండోస్ 7 ప్రొఫెషనల్ స్టిక్కరు చెరగకుండా ఉందేమో చూసుకోండి. ఆ స్టిక్కరు ఉన్న యంత్రానికి రెండు మూడు వందలు ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. విండోస్ 8 నుంచి కీ స్టిక్కరు మీద కాకుండా బయోస్ చిప్‌లో ఉంటోంది కనుక వాటిలో ఈ సౌకర్యం లేదు. స్టిక్కరు లేదని ఎవరో ఇచ్చిన లోడర్‌తో, అంటే లైసెన్సు లేకున్నా ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే ప్రోగ్రాముతో, యాక్టివేట్ చేసుకుంటే, భద్రతా సవరణలు రాని వ్యవస్థలోకి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును మన చేత్తో మనమే అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చి పిలిచినట్టు అవుతుంది.

నెట్‌వర్క్ విషయానికి వస్తున్నాను. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము, ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం దానికి దారి ఇచ్చింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదలైంది. అప్పటికి మద్దతు ముగిసి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ దాడి తరువాత ప్రత్యేకంగా సవరణ ఇవ్వాల్సి వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్తగా వేసిన యంత్రాల్లో ఆ పాత ఎస్ఎంబీ ఉండటం లేదు. దాంతో కొత్త యంత్రంలో ఎక్స్‌పీ యంత్రం ఫోల్డర్లు తెరుచుకోవు. అప్పుడు మన సెంటర్లలో చేసే పని ఏమిటి? కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఎస్ఎంబీ 1.0 ఎదుట టిక్కు పెట్టడం. ఆ ఒక్క టిక్కుతో కొత్త యంత్రం కూడా పాతదాని ప్రమాదంలోకి దిగుతుంది, బిల్లులు, జీఎస్టీ ఫైళ్లు, కస్టమర్ల ఆధార్ కాపీలు అన్నీ ఉన్నది ఆ కొత్త యంత్రంలోనే. ఇవాళ ఇంటికి వెళ్లగానే ఆ టిక్కు ఉందేమో చూసి తీసేయమని ప్రాధేయపడి అడుగుతున్నాను. పాత యంత్రం నుంచి నెట్ కేబుల్ విప్పండి, వైఫై కార్డు ఉంటే బయోస్‌లో ఆపండి.

నెట్ లేకపోతే ఫైళ్లు ఎలా అన్న ప్రశ్న వస్తుంది. కస్టమర్ తెచ్చిన పెన్ డ్రైవ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా పాత యంత్రానికి పెట్టకూడదు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌ను చూడని డీటీపీ సెంటర్ బహుశా మన రెండు రాష్ట్రాల్లో లేదు. ఆ పెన్ డ్రైవ్‌ను కొత్త యంత్రంలో స్కాన్ చేసి, కావలసిన ఫోటోలు మాత్రమే మన సొంత పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని పాత యంత్రానికి ఇవ్వాలి. తిరుగు ప్రయాణంలో పేజ్‌మేకర్ ఫైలును కాకుండా పీడీఎఫ్‌ను పంపాలి. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింటు ఇచ్చి, డిస్టిలర్‌లో వేసి, ఫాంట్లన్నీ పొదిగేలా ఎంపిక చేసుకుని పీడీఎఫ్ తీయండి. ఫాంట్లు పొదగకపోతే అవతలి ప్రెస్సులో మన శుభలేఖ తెరిచినప్పుడు 'శ్రీరస్తు' ఉండాల్సిన చోట నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాలు వరుసగా కనిపిస్తాయి. ప్లేటు అయ్యాక అది కంటబడితే కాగితం ఖర్చు, ముహూర్తానికి ముందు కార్డులు అందలేదన్న మాట, రెండూ మన నెత్తిన పడతాయి.

చివరిగా, ఈ పాత యంత్రం ఎన్నాళ్లు నడవాలన్నది. దాని అసలు పని కొత్త శుభలేఖలు కొట్టడం కాదు, పాత ఫైళ్లను బయటికి తేవడం అని నా అభిప్రాయం. మన హార్డ్ డిస్కుల్లో, అటక మీది సీడీల్లో ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లలో కథా సంకలనాలున్నాయి, ఊళ్ల చరిత్రలున్నాయి, కేవలం 500 కాపీలు వేసి మళ్లీ వేయని పుస్తకాలున్నాయి. రచయిత దగ్గర రాతప్రతి ఉండకపోవచ్చు, అచ్చు కాపీ దొరకకపోవచ్చు, మన దగ్గర ఫైలు ఉంది. పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 దాకా చేసిన ఫైళ్లను అడోబ్‌దే అయిన పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 దాకా వచ్చిన వెర్షన్లు తెరుస్తాయి, ఆ తరువాతివి తెరవవు. కాబట్టి సీఎస్6 లైసెన్సు ఉన్నవాళ్లు దాన్ని పారేయకుండా ఈ యంత్రంలోనే విండోస్ 7 మీద వేసి పెట్టుకుని, ఫైళ్లను కొత్త రూపంలోకి మార్చి దాచాలి. పేజీల రూపం నిలిచాక, పాఠాన్ని వేరు చేసి అను నుంచి, ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయాలి. కన్వర్టర్ మీద పూర్తిగా ఆధారపడవద్దు. సంయుక్తాక్షరాలు, వత్తుల క్రమం, అరసున్నలు, అంకెలు ఇక్కడ తప్పులు వస్తాయి, ఇంగ్లిషు మాటలు మధ్యలో ఉంటే వాటిని కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. ప్రూఫు చదవగలిగిన మనిషి పక్కన ఉండాల్సిందే.

మార్చిన ప్రతి పుస్తకానికీ మూడు రూపాలు దాచండి: అసలు పేజ్‌మేకర్ ఫైలు, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్, యూనికోడ్ పాఠం. ఈ మూడూ రెండు వేర్వేరు డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. అది పూర్తయ్యాక పాత యంత్రంలోని చిన్న ఎస్ఎస్‌డీకి మొత్తంగా ఒక ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు ఫైలు) తీసి భద్రపరచి, బీరువాలో పెట్టిన అసలు డిస్కును మళ్లీ బిగించి చూడండి. యంత్రంలో సత్తువ ఉంటే దాన్ని పిల్లల చదువుకో బిల్లింగ్‌కో వాడుకోవచ్చు. ప్రశ్నలున్నవాళ్లు తమ ప్రాసెసర్ నంబరు, డాంగిల్ ఏ పోర్టుదో రాసుకుని ముందుకు రండి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను.